క్లోమంలో గడ్డ అన్నారు, సూదితో ముక్క తీస్తే టీబీ అని తేలింది

సీటీ రిపోర్టులో క్లోమం (పాంక్రియాస్) తలభాగంలో గడ్డ ఉందని రాసి ఉండటం చూసి ఇంట్లో అందరూ క్యాన్సరే అనేసుకున్నారు, నేను కూడా. అప్పటికి కొన్ని వారాలుగా పైకడుపులో నొప్పి, అది వీపులోకి పాకేది, అన్నం సహించేది కాదు, జాకెట్లన్నీ వదులైపోయాయి, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. ఈ సాయంత్రం జ్వరం సంగతి మొదట చూపించుకున్న చోట ఎవరూ అడగలేదు. రిపోర్టు చూసి నేరుగా విపుల్ ఆపరేషన్ అన్నారు. అంటే క్లోమం తల, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పైత్యనాళంలో కొంత తీసేసి మిగిలినవన్నీ మళ్లీ కలిపి కుట్టడం. చిన్న ఆపరేషన్ కాదు.

మా ఆయన పట్టుబట్టి హైదరాబాద్‌లోనే ఇంకో గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన సీడీ పెట్టుకుని చాలాసేపు చూసి, "అమ్మా, మీకు కామెర్లు లేవు, నాళాలు ఉబ్బలేదు, గడ్డ పక్కన లింఫ్ గ్రంథులు మాత్రం వాచి, మధ్యలో కుళ్లినట్టున్నాయి, పైగా జ్వరం అంటున్నారు, ముందు ముక్క తీసి చూద్దాం" అన్నారు. క్యాన్సర్ లక్షణాలు స్పష్టంగా ఉండి, తీసేయడానికి వీలుగా ఉన్న గడ్డ అయితే బయాప్సీ లేకుండానే ఆపరేషన్‌కి వెళ్తారని, అది తప్పు కాదని కూడా ఆయనే చెప్పారు. నా విషయంలో అనుమానం ఉంది కాబట్టే సూది.

ఇక ఇంట్లో గొడవ మొదలైంది. మా మేనమామ ఖమ్మం నుంచి ఫోన్ చేసి "సూది తగిలిందంటే ఒళ్లంతా పాకుద్ది అమ్మాయ్, వద్దు" అని ఒకటే మాట. ఈ భయం మన దగ్గర చాలామందికి ఉంది కాబట్టి డాక్టర్ గారు చెప్పింది రాస్తున్నాను. పొట్ట మీద నుంచి సూది గుచ్చితే ఆ దారిలో కణాలు పడే అవకాశం కొంచెం ఉంటుంది. ఎండోస్కోపీతో లోపల్నుంచి వెళ్తే అది చాలా తక్కువ. పైగా తలభాగంలో గడ్డకు సూది వెళ్లేది చిన్నపేగు గోడలోంచి, ఒకవేళ క్యాన్సరే అయి ఆపరేషన్ చేసినా ఆ పేగు ముక్క కూడా గడ్డతోపాటే బయటికి వచ్చేస్తుంది. ఈ మాటతో నా మనసు కుదుటపడింది.

ఇలా లోపల్నుంచి చేసే పరీక్షను ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ అంటారు, అందరూ ఈయూఎస్ అనే పిలుస్తారు. గొట్టం చివర కెమెరాతోపాటు చిన్న స్కానింగ్ పరికరం ఉంటుంది, అందుకే సూది గడ్డలోకి దిగడం డాక్టర్‌కి తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినలేదు, రక్తం గడ్డకట్టే పరీక్షలు చూశారు. ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ప్లాస్టిక్ రింగు పెట్టి మత్తిచ్చారు, ఆ తర్వాత నాకేమీ తెలియదు. సూదుల్లో 19, 22, 25 గేజ్‌లు ఉంటాయి, అంకె పెరిగేకొద్దీ సూది సన్నం. నాకు వాడింది 22. మామూలు ఎఫ్ఎన్ఏ సూదితో (కణాలు పీల్చి తీసేది) ఎక్కువగా విడివిడి కణాలే వస్తాయి, ఎఫ్ఎన్‌బీ సూది (బయాప్సీకి ముక్క తీసేది) మొన ప్రత్యేకంగా కోసి ఉంటుంది కాబట్టి కణజాలం ముక్కగా వస్తుంది. ఒకే చోట పొడవకుండా, సూది కోణం మారుస్తూ గడ్డలో వేర్వేరు చోట్ల నుంచి తీస్తారు. సీసాలో సేమియా ముక్కల్లా సన్నగా, ఎర్రగా తెల్లగా తేలుతున్నాయని మా ఆయన చెప్పారు.

ఇంకో సీసా కూడా ఉంది, నా జబ్బు బయటపడటంలో దాని పాత్ర చాలా ఉంది. ఒక ముక్కను ఫార్మలిన్‌లో (ముక్క చెడిపోకుండా ఉంచే మందునీళ్లు) వేసి బయాప్సీకి, ఇంకోదాన్ని సెలైన్‌లో వేసి టీబీ పరీక్షలకు పంపారు. ఫార్మలిన్‌లో పడితే క్రిములు చచ్చిపోతాయి, ఇక కల్చర్, అంటే ల్యాబ్‌లో క్రిముల్ని పెంచి చూడటం, చేయడానికి ఉండదు. టీబీ అనుమానం ఉంటే ఈ సంగతి ముందే అడిగి పెట్టుకోండి.

కొన్ని గంటలు పడుకోబెట్టి కడుపునొప్పి, రక్తస్రావం ఉన్నాయేమో చూశారు, సూది వల్ల క్లోమం వాచే ప్రమాదం కొద్దిమందికి ఉంటుందట. నాకు గొంతునొప్పి తప్ప ఏమీ లేదు. రిపోర్టు కోసం ఎదురుచూడటమే అన్నిటికన్నా కష్టం, రాత్రిళ్లు నిద్రే లేదు. క్యాన్సర్ కణాలు కనబడలేదని వచ్చినంత మాత్రాన క్యాన్సర్ లేదని కాదు, అవసరమైతే మళ్లీ తీయాలి అని డాక్టర్ ముందే చెప్పి ఉన్నారు కాబట్టి టెన్షన్ ఇంకా ఎక్కువ. చివరికి గ్రాన్యులోమాలు (టీబీ లాంటి జబ్బుల్లో కణాలు గుంపుకట్టి ఏర్పడే చిన్న ముద్దలు), వాటి మధ్య కుళ్లిన భాగం ఉన్నాయని బయాప్సీలో, టీబీ క్రిమి ఉందని సీబీనాట్‌లో (క్రిమి జన్యువును పట్టుకునే పరీక్ష) వచ్చింది. టీబీకి వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి లొంగే రకమే. టీబీ పేరు విని అంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు, ఆ ఆసుపత్రి వరండాలోనే మా ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను.

మందులు ప్రభుత్వ కేంద్రంలో ఉచితం, నాకు ఆరు నెలల కోర్సు రాశారు, మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత మూడు. టీబీ రోగుల తిండి ఖర్చుకు ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 1000 రూపాయలు అకౌంట్లో పడతాయి, 2024 నవంబరుకు ముందు ఇది 500 ఉండేది. మూత్రం నారింజ రంగులో వస్తుంది, దానికి భయపడక్కర్లేదు. వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చబడినా, చూపు మసకేసినా మాత్రం వెంటనే చెప్పాలి. మొదటి నెల వికారంతో చాలా బాధపడ్డాను, ఆ తర్వాత మెల్లగా ఆకలి పుట్టింది, సాయంత్రం జ్వరం పోయింది. కోర్సు అయ్యాక తీసిన సీటీలో గడ్డ లేదు, గ్రంథులు మామూలు సైజుకొచ్చాయి. విపుల్ ఆపరేషన్‌తో పోవాల్సిన క్లోమం తల, పేగు, పిత్తాశయం అన్నీ నా కడుపులోనే ఉన్నాయి.