ఎవరు నింపారో తెలియని తూటాలు: నా అనుభవం

తుపాకీ గురి సాధన చేసే రేంజ్‌లో మాతో పాటు కాల్చే పెద్దాయన ఒకరు పోయారు. రెండు నెలల తర్వాత వాళ్ళావిడ ఫోన్ చేశారు. "బాబూ, తుపాకులు అప్పగించేశాం. బీరువా వెనకాల రేకు పెట్టె ఒకటి బయటపడింది. చెత్తలో వెయ్యలేను, ఎవరికీ ఇవ్వలేను. నీకైతే తెలుస్తుంది, ఒకసారి వచ్చి చూడు" అన్నారు.

వెళ్ళాను. పెట్టెలో రెండు ప్లాస్టిక్ డబ్బాలు, ఒక గుడ్డ సంచి ఉన్నాయి. ఒక డబ్బాలో 50, ఇంకోదానిలో 38, అన్నీ .38 స్పెషల్ అనే రకం రివాల్వర్ తూటాలు. సంచిలో విడిగా 23. ఫ్యాక్టరీ అట్టపెట్టె ఒక్కటీ లేదు. డబ్బా మూత మీద అంటించిన కాగితంపై పెన్సిలుతో "158 – 4.6" అని ఉంది: దూసుకెళ్ళే గుండు బరువు 158 గ్రెయిన్లు, దాన్ని తోసే మందు 4.6 గ్రెయిన్లు అన్నమాట. గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. ఆ అంకెల కింద ఇంకేదో రాసి ఉంది కానీ నూనె మరక పడి అలుక్కుపోయింది. ఆయన సొంతంగా తూటాలు నింపుకునే మనిషి కాదు. ఎవరో ఇచ్చారట. ఆ ఎవరో ఎవరో ఆవిడకి తెలియదు.

చెయ్యి ఊరుకోక తీసుకొచ్చేద్దామనిపించింది. అదృష్టవశాత్తూ ఆ పని చెయ్యలేదు. మన లైసెన్సు వేరు, ఆయన లైసెన్సు వేరు. ముందు లైసెన్సు ఇచ్చే అధికారులకు ఫోన్ చేసి విషయం చెప్పాను. వాళ్ళు చెప్పిన కాగితం రాసి, వాళ్ళు ఒప్పుకున్నాక రేంజ్ ఆఫీసర్‌ని వెంటపెట్టుకుని వెళ్ళి పెట్టెను నేరుగా రేంజ్‌కే చేర్చాం. ఈ నియమాలు చోటును బట్టి మారతాయి కాబట్టి నేను చేసిందే మీరూ చెయ్యాలని కాదు. పెట్టె కదిపే ముందు ఫోన్ మాత్రం చెయ్యండి.

ఇక అసలు టెన్షన్ అక్కడ మొదలైంది. చూడడానికి ఆ తూటాలు చక్కగా ఉన్నాయి. ఇత్తడి మెరుస్తోంది, గుండ్లన్నీ ఒకే ఎత్తులో కూర్చున్నాయి, మూతి దగ్గర నొక్కు సమంగా ఉంది. నింపిన మనిషి ఓపికమంతుడని తెలిసిపోతోంది. దాంతోనే వచ్చింది చిక్కు. గలీజుగా ఉంటే ఆలోచించకుండా పక్కన పడేసేవాణ్ణి.

తూటాకుండే ఇత్తడి గొట్టాన్ని కేసు అంటారు, దాని అడుగున చెక్కిన అక్షరాలు చూశాను. అవి ఇత్తడి కేసు ఎవరు తయారు చేశారో, ఏ కాలిబరో (ఏ కొలత తూటానో) చెబుతాయి, అంతే. లోపల ఇప్పుడున్నది ఎవరు పోశారో చెప్పవు. ఒకే కేసును ఎన్నిసార్లయినా నింపుకుంటారు కదా.

రేంజ్‌లో ఒకాయన "నీ దగ్గర .357 మాగ్నమ్ రివాల్వర్ ఉందిగా, దాంట్లో కాల్చెయ్, అది తట్టుకుంటుంది" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. .38 స్పెషల్‌కి పెట్టిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 17,000 పౌన్లయితే, .357 మాగ్నమ్‌కి 35,000. 1935లో ఆ మాగ్నమ్ వచ్చినప్పుడు కేసును మూడున్నర మిల్లీమీటర్ల దాకా పొడుగు చేసింది కూడా పాత రివాల్వర్లలో పట్టకూడదనే. అటునుంచి ఇటు కుదరదు కానీ, .38ని మాగ్నమ్ రివాల్వర్‌లో కాల్చుకోవచ్చు. ఒక రాత్రంతా ఈ లెక్కతోనే నన్ను నేను ఒప్పించుకున్నాను. పొద్దున రేంజ్ ఆఫీసర్ ఒక్క ప్రశ్న వేశారు. "మందు ఎక్కువైతే సరే, అసలు లేకపోతే?"

మందు లేని తూటాలో, మందును అంటించడానికి కేసు అడుగున ఉండే ప్రైమర్ ఒక్కటే పేలుతుంది. "టప్" అని చిన్న చప్పుడు. ఆ తోపుకి గుండు బ్యారెల్లోకి జారి అక్కడే ఇరుక్కుంటుంది. చప్పుడు తేడా గమనించకుండా మళ్ళీ ట్రిగ్గర్ నొక్కామా, రెండో గుండు వెళ్ళి మొదటిదాన్ని గుద్దుతుంది. బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. దానికి మాగ్నమ్ అయినా ఒకటే, ఇంకోటయినా ఒకటే.

ఎక్కువైన సంగతి కూడా అంత తేలిక కాదు. .38 స్పెషల్ 1898లో వచ్చింది, అప్పట్లో నల్లమందు వాడేవారు. దానికి చోటు ఎక్కువ కావాలి కాబట్టి కేసు విశాలంగా ఉంటుంది. ఇప్పటి పొగరాని మందు అందులో పోస్తే అడుగున కొంచెం మేరే పరుచుకుంటుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగిపోదు, గుండు మామూలుగానే కూర్చుంటుంది. బయటినుంచి చూస్తే ఏ తేడా కనిపించదు.

అయితే తూకం వేద్దామనుకున్నాను. స్కేలు మీద ఒక్కొక్కటే పెట్టి 50 తూటాలూ రాసుకున్నాను. 228 గ్రెయిన్ల నుంచి 236 దాకా వచ్చాయి. అంటే తూటాకీ తూటాకీ తేడా 8 గ్రెయిన్లు, లోపలున్న మందేమో 4.6 అని కాగితం చెబుతోంది! కేసుల బరువుల్లో తేడా, గుండ్ల బరువుల్లో తేడా కలిసి మందు బరువును మింగేశాయి. తేలిగ్గా ఉన్నది మందు లేనిదా, పల్చటి కేసా? చెప్పలేను. రెండు గంటలు పోయాయి, నోట్‌బుక్‌లో ఒక పేజీ నిండింది.

కాగితం మీది 4.6 కూడా అంతే. అంకె ఉంది, మందు పేరు లేదు. ఒక రకం మందుతో 4.6 మామూలు లోడు. త్వరగా కాలే ఇంకో రకంతో అదే 4.6 హద్దు దాటుతుంది. మెల్లగా కాలే రకమైతే గుండు బ్యారెల్ దాటకపోవచ్చు. మన భాషలో మందుగుండు అన్నారు, మందూ గుండూ రెండూ తెలియాలి. నాకు గుండు ఒక్కటే తెలుసు.

సరే, విప్పేద్దామన్నారు రేంజ్ ఆఫీసర్. గుండ్లు ఊడదీయడానికి సుత్తిలాంటి పనిముట్టు ఒకటుంటుంది. తల బోలుగా ఉంటుంది, ప్లాస్టిక్‌ది. తూటాను తలకిందులుగా అందులో బిగించి చెక్క దిమ్మ మీద కొడితే, ఆ ఊపుకి గుండు వదులై మందుతో సహా లోపలికి రాలుతుంది. కళ్ళకు అద్దాలు, మధ్యలో ఫోన్ చూడకూడదు, పక్కన సిగరెట్టు మాట ఎత్తకూడదు. .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాలకు ఈ పనిముట్టు వాడనే కూడదు, వాటి అంచులోనే పేలే రసాయనం ఉంటుంది.

ఒక్కో తూటాకి మూడు నాలుగు దెబ్బలు పడ్డాయి. మొదటి డబ్బా 50 తూటాల్లోనూ 4.5 నుంచి 4.7 లోపే. ఒక్కటీ తప్పలేదు. నిజం చెప్పాలంటే కాస్త చిన్నతనమనిపించింది. ఎవరో శ్రద్ధగా చేసిన పనిని సుత్తి పెట్టి కొడుతున్నానా అని.

రెండో డబ్బా మూత మీద కూడా అదే చేతిరాత, అదే "158 – 4.6". మొదటిది విప్పగానే స్కేలు పళ్ళెంలో పడిన మందు వేరే. మొదటి డబ్బాలోది బూడిదరంగు చిన్న పలకలు, ఇవేమో ఆవగింజల్లో పదోవంతు ఉండే గుండ్రటి రేణువులు. తూకం 6.2. డబ్బా మార్చారా, కాగితం మార్చడం మర్చిపోయారా, తెలిసే దారి లేదు. మందును చూసి పేరు చెప్పగలనని ఎవరైనా అంటే నమ్మకండి. ఒకేలా కనిపించే రకాలు బోలెడున్నాయి.

సంచిలోవి ఇంకా అన్యాయం. .38వి 16 ఉంటే ఒకదానిలో 2.8, పక్కదానిలో 7.3. రెండింటిలో గుండు అడుగున పచ్చటి చిలుము, లోపల మందు మీద ఇటుకపొడి లాంటి ఎర్రటి ధూళి. ముక్కు దగ్గరకి రాకముందే ఘాటైన ఆమ్లం వాసన కొట్టింది. చెడిపోయిన మందు గుర్తులు అవే. మంచి మందుకి కొత్త పెయింటు డబ్బా లాంటి వాసన ఉంటుంది, ఇది వేరు.

మిగిలిన 7 రైఫిల్ తూటాలు. మిలటరీ తరహావి, రెండింటి మొన మీద ఎర్ర రంగు. నేను సుత్తి వైపు చెయ్యి చాచగానే ఆఫీసర్ నా మణికట్టు పట్టుకున్నారు. మొన మీద రంగుంటే అది వెలుగు చిమ్మే రకమో, నిప్పంటించే రకమో కావచ్చు. వాటిని కొట్టడమే కాదు, ఉంచుకోవడమూ సమస్యే. ఏడూ అలాగే పక్కన పెట్టాం.

మందంతా రేంజ్ వెనక ఖాళీ నేల మీద సన్నటి గీతలా పోసి, ఆఫీసర్ దూరం నుంచి అంటించారు. పేలుతుందేమోనని నేను చెవులు మూసుకున్నాను. పేలలేదు. మూసి ఉంచితేనే దానికి ఆ బలం, బయట బుస్సుమని పసుపు మంటతో పాకిపోయింది.

ప్రైమర్లున్న ఖాళీ కేసులు మిగిలాయి. నూనెలో నానబెడితే చస్తాయని అంటారు కానీ ఆ మాట నమ్మదగ్గది కాదు. రివాల్వర్‌లో పెట్టి ఆరుబయట కాల్చేశాం. ఇక్కడొక తమాషా. మందు లేకపోవడంతో ప్రైమర్ వెనక్కి జరిగి సిలిండర్‌ని పట్టేస్తుంది. రెండోదానికే బిగుసుకుపోయింది. ఆ తర్వాత ఒక్కోటే పెట్టి, కాల్చి, తీసి, మళ్ళీ పెట్టి. ప్రైమర్లలో సీసం ఉంటుంది కాబట్టి చేతులు సబ్బుతో బాగా కడుక్కున్నాం. మొత్తం 104 తూటాలకు రెండు ఆదివారాలు పట్టింది.

సీసం గుండ్లు ఆఫీసర్ కరిగించుకుంటానన్నారు. ఇత్తడి కేసుల్లో పగుళ్ళు లేనివి ఏరుకున్నారు. వాటిని బయటినుంచీ లోపలినుంచీ చూసి తేల్చుకోవచ్చు కాబట్టి నాకు అభ్యంతరం అనిపించలేదు. రైఫిల్ తూటాలు ఏడూ పోలీసులకు అప్పగించి రసీదు తీసుకున్నాం.

ఆంటీకి ఫోన్ చేసి అయిపోయిందని చెప్పాను. "పనికొచ్చాయా బాబూ?" అని అడిగారు. రాలేదండీ అన్నాను. రసీదు నకలు ఆవిడకి ఇచ్చేటప్పుడు రేకు పెట్టె కూడా తుడిచి ఇచ్చేశాను.