పసిబిడ్డ లివర్‌లో హెమాంజియోమా: కత్తి కన్నా ముందు థైరాయిడ్ పరీక్ష

నెలల పసికందు ఒంటి మీద స్ట్రాబెర్రీ పండులాంటి ఎర్రటి గడ్డలు ఐదు, అంతకు మించి కనిపిస్తే కడుపు అల్ట్రాసౌండ్ తీయించాలి. అలాంటివే లివర్‌లోనూ ఉండొచ్చు. రక్తనాళాలు అల్లుకుని ఏర్పడే ఈ గడ్డలు (హెమాంజియోమాలు) క్యాన్సర్ కావు. చాలావరకు వాటంతటవే కరుగుతాయి.

లివర్‌లో ఒక్కటే పెద్ద గడ్డ ఉంటే అది సాధారణంగా కడుపులో ఉండగానే పెరిగి, పుట్టేసరికి పూర్తి సైజుకు చేరుతుంది. ఏడాది దాటేలోపు చాలావరకు కుంచించుకుపోతుంది. దీని మీద ప్రొప్రనొలాల్ (హెమాంజియోమాలను తగ్గించడానికి వాడే మందు) సాధారణంగా పనిచెయ్యదు. చాలా గడ్డలు ఉంటే సంగతి వేరు. అవి పుట్టాక కొన్ని నెలలు పెరుగుతాయి, మందుకు బాగా తగ్గుతాయి. లివరంతా గడ్డలే నిండిపోయిన రకం ప్రమాదకరం. పొట్ట ఉబ్బి ఊపిరి ఆడదు, గుండె అలసిపోతుంది.

ఎక్కువగా మరిచిపోయేది థైరాయిడ్ పరీక్ష. ఈ గడ్డల్లో తయారయ్యే డీఅయోడినేజ్-3 ఎంజైమ్ థైరాయిడ్ హార్మోన్‌ను పనికిరాకుండా చేసేస్తుంది. పుట్టినప్పటి పరీక్ష నార్మల్‌గా వచ్చినా సరిపోదు, గడ్డలు పెరిగేది ఆ తర్వాతే. అందుకే గడ్డలు బయటపడగానే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ రక్తపరీక్షలు చూసి, అవి పెరిగే నెలల్లో మళ్లీ మళ్లీ చూడాలి. లోపం ఉంటే థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మందు) మామూలు కన్నా చాలా ఎక్కువ డోసులో కావాల్సి రావచ్చు. గడ్డలు తగ్గేకొద్దీ దాన్నీ తగ్గిస్తూ రావాలి.

ప్రొప్రనొలాల్ రోజుకు కిలోకు 1 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి, క్రమంగా 2 నుంచి 3కు పెంచుతారు. మొదటి డోసు ఇచ్చాక, పెంచిన ప్రతిసారీ, రెండు గంటల పాటు నాడి, బీపీ చూడాలి. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, మరీ పసివాళ్లకు ఆసుపత్రిలోనే మొదలుపెట్టడం మేలు. ముఖం మీద పెద్ద హెమాంజియోమా ఉంటే ముందు మెదడు రక్తనాళాల ఎంఆర్ఐ తీయాలి.

పొరపాటు ఎక్కువగా జరిగేది సిరప్ బలం దగ్గర. 5 కిలోల బిడ్డకు కిలోకు 2 చొప్పున రోజుకు 10 మిల్లీగ్రాములు, అంటే రెండు పూటలా, పూటకు 5. మిల్లీలీటరుకు 4 మిల్లీగ్రాముల సిరప్ అయితే 1.25 మిల్లీలీటర్లు, 1 మిల్లీగ్రాముదైతే 5 మిల్లీలీటర్లు. సీసా మారిందని గమనించక, 4 మిల్లీగ్రాముల సిరప్‌నే 5 మిల్లీలీటర్లు పట్టేస్తే డోసు నాలుగింతలైపోతుంది.

పాలు పట్టాకే మందు వెయ్యాలి. బిడ్డ పాలు తాగకపోయినా, వాంతులవుతున్నా ఆ డోసు ఆపేసి డాక్టర్‌కు చెప్పాలి, లేకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. ఒళ్లు చల్లబడి మత్తుగా ఉన్నా, వణుకు వచ్చినా, పిల్లికూతలు వినిపించినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రక్తపరీక్షలో ఏఎఫ్‌పీ (కొన్ని లివర్ క్యాన్సర్లలో పెరిగే ప్రొటీన్) ఎక్కువగా వచ్చిందని వెంటనే హడలిపోవద్దు. నవజాత శిశువుల్లో అది సహజంగానే వేలల్లో ఉండి, నెలలు గడిచేకొద్దీ పడిపోతుంది. వయసుకు తగ్గ విలువతో పోల్చాలి. తగ్గాల్సింది పెరుగుతుంటే హెపటోబ్లాస్టోమాను (పసిపిల్లల్లో వచ్చే లివర్ క్యాన్సర్) అనుమానించాలి. రక్తస్రావం ప్రమాదం ఉంది కాబట్టి స్కాన్‌లో స్పష్టంగా హెమాంజియోమా అని తేలితే బయాప్సీ అక్కర్లేదు.

లివర్‌లోనే వచ్చే మరో రకం గడ్డ, నీటి తిత్తులతో నిండి కనిపించే మీసెంకైమల్ హమార్టోమాకు మాత్రం ఈ ఓపిక పనికిరాదు. అరుదుగా అది సార్కోమా అనే క్యాన్సర్‌గా మారుతుంది కాబట్టి, వీలైనంతవరకు పూర్తిగా కోసి తీసేయడమే పద్ధతి.