పదిమందితో నెగ్గిన క్వార్టర్‌ఫైనల్

ఇండియా హాకీ జట్టుకు అభిమానిగా ఉంటే ఓర్పు దానంతటదే అలవడుతుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు అర్హతే దక్కలేదు. 2012 లండన్‌లో పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. 1980 మాస్కో స్వర్ణం తర్వాత మళ్లీ పతకం మొహం చూసింది టోక్యోలోనే. అయితే అదంతా చూసేవాళ్ల ఓర్పు. ఆడేవాళ్ల పట్టుదల వేరు. అది తెలియాలంటే బంతి మీంచి కాసేపు చూపు తిప్పుకోవాలి.

2024 ఆగస్టు 4న పారిస్‌లో గ్రేట్ బ్రిటన్‌తో ఆడిన క్వార్టర్‌ఫైనల్ ఇందుకు మంచి పాఠం. 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్ స్టిక్ ప్రత్యర్థి మొహానికి తగిలింది. వీడియో చూసి రెడ్ కార్డ్ ఇచ్చారు. గ్రీన్ కార్డయితే రెండు నిమిషాలు, యెల్లో అయితే కనీసం ఐదు నిమిషాలు బయట కూర్చుంటే తీరిపోతుంది. రెడ్ కార్డంటే మ్యాచ్ ముగిసేదాకా పదకొండు మందికి బదులు పదిమందే. అప్పటికి ఇంకా నలభై నిమిషాలకు పైగా ఆట మిగిలుంది.

పదిమందితో ఆడేటప్పుడు ముందుకెళ్లి ప్రత్యర్థి మీద ఒత్తిడి పెడితే వెనక ఖాళీ పడుతుంది. అందుకని సగం మైదానం వదిలేసి, మధ్యదారి మూసి, బంతిని సైడ్‌లైన్ వైపు తోలాలి. వినడానికి తేలికే. బంతి మన కళ్లముందే అటూ ఇటూ తిరుగుతుంటే లాక్కోవాలని చెయ్యి ఊరుకోదు. ఒక్కడు ఆగలేక ముందుకు దూకాడా, వాడి వెనకున్న ఇద్దరికీ పని పెరిగిపోతుంది. డీలో, అంటే గోల్ ముందున్న అర్ధవలయంలో, కంగారుగా అడ్డుపడితే బంతి కాలికి తగిలి పెనాల్టీ కార్నర్ అవుతుంది: ప్రత్యర్థి గోల్ పక్క లైన్ మీంచి బంతిని తనవాళ్లకు తోసి, గోల్‌కు కొట్టించే అవకాశం. ఒక్క వెసులుబాటేంటంటే, ఎన్నిసార్లయినా మనుషుల్ని మార్చుకోవచ్చు కాబట్టి అలిసినవాడు బెంచ్ మీదికి వచ్చి ఊపిరి తీసుకోగలడు.

నా మటుకు నాకు పట్టుదల అసలు రూపం పెనాల్టీ కార్నర్‌ను కాచుకునేటప్పుడు కనిపిస్తుంది. గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే గోల్‌లైన్ వెనక ఉంటారు, తక్కినవాళ్లంతా సెంటర్‌లైన్ అవతలికి పోవాలి. జట్టులో పదిమందే ఉన్నా ఈ ఐదుగురూ తగ్గరు, సెంటర్‌లైన్ అవతల ఉండే మనవాళ్లలో ఒకడు తగ్గుతాడంతే. బంతి లోపలికి వదలకముందే ఎవరైనా లైన్ దాటితే అతన్నీ సెంటర్‌లైన్‌కు పంపేస్తారు, బదులు ఇంకొకరిని తీసుకోనివ్వరు. కాబట్టి పరుగెత్తే తెగువ ఎంత ముఖ్యమో, ఆ క్షణందాకా కదలకుండా ఉండడమూ అంతే ముఖ్యం.

బంతి కదలగానే ఫస్ట్ రషర్, అంటే అందరికంటే ముందు పరుగెత్తే డిఫెండర్, నేరుగా డ్రాగ్‌ఫ్లికర్ మీదికి, అంటే బంతిని స్టిక్‌తో లాగి గోల్‌లోకి విసిరేవాడి మీదికి వెళ్తాడు. బంతి గంటకు నూరు కిలోమీటర్లు దాటిన వేగంతో రావచ్చు, మొహానికి మాస్క్ ఉన్నా భయం భయమే. అతను బంతిని పట్టుకోనక్కర్లేదు. గోల్‌లో ఒక వైపు మూసేలా పరుగు తీస్తే చాలు, రెండో వైపు కీపర్ చూసుకుంటాడు. అర అడుగు తటపటాయిస్తే ఫ్లికర్‌కు రెండు వైపులా దొరుకుతాయి. దారి తప్పి పరుగెత్తితే కీపర్‌కే అడ్డొచ్చి బంతి కనపడదు. అన్నీ సరిగ్గా చేసినా, బంతి రషర్ మోకాలి కిందికి తగిలితే దక్కేది ఇంకో పెనాల్టీ కార్నరే! ఆ దెబ్బతోనే మళ్లీ లైన్ వెనక్కి వెళ్లి, మళ్లీ అదే పరుగు తియ్యాలి.

ఆ రోజు 22వ నిమిషంలో మన కెప్టెన్ హర్మన్‌ప్రీత్ గోల్ కొట్టాడు, 27వ నిమిషంలో బ్రిటన్ సమం చేసింది. ఆ తర్వాత రెండు క్వార్టర్లూ కాచుకోవడమే. స్కోరు సమంగానే ఉండడంతో షూటౌట్‌కు వెళ్లింది. అందులో ఆటగాడు ఒంటరిగా కీపర్‌ను ఎదుర్కొని గోల్ కొట్టడానికి ఒక్కొక్కరికి ఎనిమిది సెకన్లు. మనవాళ్లు నలుగురూ గోల్ చేశారు, గోల్‌కీపర్ శ్రీజేష్ గోడలా నిలబడ్డాడు, 4-2.

కానీ రెడ్ కార్డ్ ప్రభావం అక్కడితో పోలేదు. మన ఫస్ట్ రషర్ రోహిదాసే. నిషేధం వల్ల జర్మనీతో సెమీస్‌కు అతను లేడు. జర్మనీ మొదటి గోల్‌ను వాళ్ల డ్రాగ్‌ఫ్లికర్ గొంజాలో పేయా పెనాల్టీ కార్నర్ మీదే కొట్టాడు, మనం 2-3తో ఓడాం. రెండు రోజుల తర్వాత స్పెయిన్‌తో కాంస్యం కోసం ఆడినప్పుడు రోహిదాస్ తిరిగొచ్చాడు. 2-1 ఆధిక్యంలో ఉండగా ఆఖర్లో స్పెయిన్‌కు పెనాల్టీ కార్నర్ దొరికింది. ఆ వీడియో మళ్లీ చూస్తే ఫ్లికర్‌ను వదిలేసి, గోల్‌లైన్ వెనకున్న ఐదుగురి కాళ్లు చూడండి.