తోలుగుడ్డు ముందే చెప్పింది

మా ఎర్రపెట్ట గుడ్డు పెట్టిందంటే పెరడంతా దద్దరిల్లేలా అరిచేది. ఆ రోజు అరుపు లేదు. గూట్లోంచి లేవకపోతే పొదుగుకొచ్చిందేమో అనుకుని నా పనిలో నేను పడ్డాను. మధ్యాహ్నం మేత వేసినా రాలేదు. గూట్లో చెయ్యి పెట్టి చూశాను. పొదుగు మీదున్న పెట్టయితే ఒళ్లు ఉబ్బించి పొడుస్తుంది. ఇది ఊరుకుంది. అప్పుడొచ్చింది అనుమానం.

కిందికి దింపితే తోక వాల్చేసి, ఒళ్లు నిటారుగా పెట్టి, కాళ్లు ఎడంగా వేసి నిలబడింది. ఉండుండి ముక్కుతోంది. తురాయి పాలిపోయింది. పొట్ట కింద మెల్లగా తడిమితే గట్టిగా, గుండ్రంగా తగిలింది. గుడ్డు లోపలే ఇరుక్కుంది.

పశువైద్యుడికి ఫోన్ చేస్తే ముందు చెప్పిన మాట, "నొక్కొద్దు." లోపల పెంకు పగిలితే గాయమై, చీము పట్టి ప్రాణం మీదికి వస్తుందట. నూనె రాసి వేలు పెట్టి లాగెయ్యమన్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ కోడిని పెంచినవాళ్లు కాదు.

తొట్టిలో పొట్ట మునిగేంత గోరువెచ్చని నీళ్లు పోసి 20 నిమిషాలు కూర్చోబెట్టాను. గింజుకుంటుందనుకుంటే, ఐదు నిమిషాలకే కళ్లు మూసుకుని నా చేతి మీద వాలిపోయింది. పోయిందేమోనని ఒకటే టెన్షన్. చూస్తే హాయిగా కునుకు తీస్తోంది! తుడిచి, ఈకలు ఆరేదాకా వెచ్చగా ఉంచి, చీకటిగా ఉండే అట్టపెట్టెలో పెట్టాను. డాక్టరుగారు చెప్పిన కాల్షియం మందు ముక్కు పక్కనుంచి చుక్కచుక్కగా వేశాను. రాత్రి మళ్లీ స్నానం. గుడ్డు మాత్రం రాలేదు.

తెల్లారగానే పెట్టెతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాను. కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చారు. ఇంటికొచ్చిన గంటకు పెట్టెలో గుడ్డు ఉంది. ఒకవైపు గరుకు, ఇంకోవైపు వేలు పెడితే సొట్టపడేంత పలచన.

ఆసుపత్రిలో ఆయన చెప్పింది నాకు కొత్త సంగతి. గుడ్డు తయారవడానికి సుమారు 25 గంటలు పడితే, అందులో 20 గంటల దాకా పెంకుకే పోతాయి. ఒక్క పెంకుకు దాదాపు 2 గ్రాముల కాల్షియం కావాలి. మేతలో చాలకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి వాడుకుంటుంది. పెంకుకే కాదు, గుడ్డును బయటికి తోసే కండరాలకూ ఆ కాల్షియమే కావాలి. నేను పెంకు గురించే అనుకునేవాణ్ణి.

వారం ముందు, కోళ్లు రాత్రి ఎక్కి కూర్చునే పట్టె కింద రెండు తోలుగుడ్లు కనిపించాయి, గట్టి పెంకు లేకుండా మెత్తటి పొరతోనే. ఎండదెబ్బేమోలే అని పారేశాను. అసలు సంగతి నా చేతిలోనే ఉంది: పెరట్లోకి వెళ్లిన ప్రతిసారీ ముద్దుగా గుప్పెడు గింజలు చల్లేవాణ్ణి. గుడ్లు పెట్టే కోళ్లకని అమ్మే లేయర్ దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటుంది, గింజల్లో లేనట్టే. గింజలతో కడుపు నిండాక దాణా ఎవరు ముట్టుకుంటారు?

ఇప్పుడు గింజలు సాయంత్రం మాత్రమే, అదీ కొంచెం. ఆల్చిప్పల పొడి దాణాలో కలపకుండా వేరే గిన్నెలో పెడుతున్నాను. పుంజుకు అంత కాల్షియం అక్కర్లేదు, పెట్టలే కావలసినంత తింటాయి. ఎర్రపెట్టను వారం పాటు వెలుతురు తక్కువగా ఉండే చోట ఉంచాను, గుడ్లు ఆగి ఒళ్లు కోలుకోవాలని.

మొన్న నల్లపెట్ట ఒక తోలుగుడ్డు వేసింది. ముందురోజు కుక్క తరిమింది, ఆ బెదురు వల్లే కావచ్చు, మర్నాడు మామూలు గుడ్డే పెట్టింది. అయినా పట్టుకుని పొట్ట తడిమాను. రక్తం వచ్చేలా పొడిచింది.