ఐ-35 మీద రెండు బోర్డులు

టెక్సస్‌లో డాలస్ నుంచి ఆస్టిన్ వెళ్ళే ఐ-35 హైవే ఇక్కడి తెలుగువాళ్ళకు హైదరాబాద్–విజయవాడ రోడ్డంత అలవాటైన దారి. వెస్ట్ అనే ఊళ్ళో కొలాచీలనే చెక్ బన్నులు, టెంపుల్‌లో బకీస్ అనే పెద్ద పెట్రోలు బంకు దగ్గర ఆగడం, జార్జ్‌టౌన్ దగ్గర టోల్ రోడ్డు ఎక్కాలా వద్దా అన్న చర్చ అందరికీ తెలిసినవే. ఆస్టిన్‌లో గడిపిన రెండు రోజుల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. గురువారం రాత్రి బెల్టన్ దాటాక రోడ్డు పనుల క్యూలో గడిచిన ముప్పావుగంట, అక్కడ ముందే హెచ్చరించిన బోర్డుల గురించే ఇదంతా.

రాత్రి తొమ్మిదిన్నర దాటింది. షోల్డర్ మీద ట్రైలర్‌కు బిగించిన బోర్డు పసుపు అక్షరాలతో వెలుగుతోంది: "స్టాప్‌డ్ ట్రాఫిక్ 2 మైల్స్". ఎదురుగా రోడ్డు ఖాళీ. గంటకు డెబ్బై ఐదు మైళ్ళలో పోతున్నాం. పక్క సీట్లో బావమరిది ఫోన్ చూసి, "మ్యాప్‌లో అంతా నీలంగానే ఉంది బావా, పాత మెసేజ్ తీయడం మర్చిపోయుంటారు" అన్నాడు. ఆ మాటలో తప్పేం లేదు. పని అయిపోయి నెలలైనా "మెన్ ఎట్ వర్క్" బోర్డు తీయని రోడ్లు చూసి పెరిగినవాళ్ళం. అయినా వేగం తగ్గించాను. కాసేపటికి "బీ ప్రిపేర్డ్ టు స్టాప్" బోర్డు, దాని తర్వాత చక్రాల కింద గడగడమని మూడు దెబ్బలు, ఆపైన వరసగా ట్రక్కుల ఎర్ర లైట్లు. మీటర్‌లో 1.9 మైళ్ళు తిరిగింది.

ఆ బోర్డు అంత కచ్చితంగా ఎలా చెప్పింది? దారి పొడవునా అర మైలుకో మైలుకో ఒక చిన్న రాడార్ పెడతారు. స్తంభానికి కట్టినది ఉంటుంది, నారింజ రంగు డ్రమ్ము లోపలే అమర్చినదీ ఉంటుంది. ఒక్కొక్కటీ తన ముందు పోయే బండ్ల సగటు వేగాన్ని సెల్ మోడెమ్ ద్వారా సర్వర్‌కు పంపుతూ ఉంటుంది. వేగం ఒక హద్దు కంటే తగ్గితే "స్లో ట్రాఫిక్", ఇంకా పడిపోతే "స్టాప్‌డ్ ట్రాఫిక్". ఏ రాడార్ దగ్గర వేగం పడిపోయిందో చూసి, అక్కడికి దూరమెంతో లెక్కగట్టి బోర్డు మీద వేస్తారు. మనిషి ప్రమేయం లేదు. లేన్ మూసిన చోటు కదలదు, క్యూ తోక మాత్రం గంటగంటకూ వెనక్కి జరుగుతుంది. ప్రాణాలు పోయేది తోక దగ్గర. డెబ్బై ఐదులో వచ్చే ట్రక్కు, నిలబడి ఉన్న కారును వెనక నుంచి గుద్దేది అక్కడే. అందుకే తోకను వెంటాడే బోర్డు కావాలి, పాతిన బోర్డు చాలదు.

ఆ చక్రాల దెబ్బలు ఊరికే పడినవి కావు. రోడ్డు మీద అడ్డంగా పరిచే తాత్కాలిక రంబుల్ స్ట్రిప్పులవి. జిగురు, మేకులు ఏమీ ఉండవు, ఒక్కొక్కటి సుమారు 100 పౌండ్ల బరువుతో తనంత తానే కూర్చుంటుంది. ఫోన్ చూసుకుంటూ బోర్డు చదవని డ్రైవర్ని లేపడానికి ఇవి. ట్రక్కులు తొక్కగా తొక్కగా వంకర పోతాయి కాబట్టి రాత్రంతా ఎవరో ఒకరు సరిచేస్తూ ఉండాలి.

బోర్డు మీద మూడే మాటలు ఎందుకున్నాయో కూడా చెప్పాలి. ఈ ట్రైలర్ బోర్డుల్లో మామూలుగా మూడు వరసలు, వరసకు ఎనిమిది అక్షరాలే పడతాయి. "స్టాప్‌డ్", "ట్రాఫిక్", "2 మైల్స్" ఇంగ్లిషులో సరిగ్గా ఇమిడిపోతాయి. అమెరికా ప్రమాణాల ప్రకారం అక్షరాలు పగలు 800 అడుగుల నుంచి, రాత్రి 600 అడుగుల నుంచి చదవడానికి రావాలి. డెబ్బై ఐదులో బండి సెకనుకు 110 అడుగులు పోతుంది. అంటే రాత్రి చదవడానికి దొరికేది ఐదున్నర సెకన్లు. ఒక మెసేజ్‌ను రెండు తెరలకు మించి విడగొట్టకూడదన్న నియమం అందుకే. తెరకు మూడు సెకన్లు ఇచ్చినా రెండు తెరలకు ఆరు సెకన్లు, అప్పటికే బోర్డు వెనకబడిపోతుంది. ప్రాణం మీదికి వచ్చే సంగతి ఒక్క తెరలోనే చెప్పెయ్యాలి. మన దగ్గర హైవేల మీద మెసేజ్ మారే పెద్ద వీఎంఎస్ బోర్డుల మీద శుభాకాంక్షలు, నినాదాలు, నాలుగు వరసల సూక్తులు పరిగెత్తిస్తుంటే నాకు బాధేస్తుంది. ఆ స్థలం చాలా ఖరీదైనది.

రెండో బోర్డు తోకకు కొంచెం ముందు ఉంది: "20 మిన్ డిలే". సరేలే అనుకున్నాం. పట్టింది 33 నిమిషాలు. చిరాకు వేసింది. ఒక చోట నిజం చెప్పిన ఏర్పాటు ఇంకో చోట పదమూడు నిమిషాలు తప్పడానికి కారణముంది.

ఆ ఆలస్యం లెక్క సాధారణంగా బ్లూటూత్‌తో వస్తుంది. కార్లో, ఫోన్లో ఉన్న బ్లూటూత్ పరికరం గుర్తింపు సంఖ్యను మొదటి రీడర్ పట్టుకుంటుంది, కొన్ని మైళ్ళ తర్వాత రెండో రీడర్ అదే సంఖ్యను పట్టుకుంటుంది. సంఖ్యను గుర్తుపట్టకుండా మార్చేసి, రెండు సమయాల తేడా తీస్తారు. ఇబ్బంది ఎక్కడంటే, ఇప్పుడు బయటపడ్డ కారు 24 నిమిషాల కిందట క్యూలో చేరిందనుకుందాం. అప్పటికి క్యూ చిన్నది. దాని అనుభవాన్ని తెచ్చి ఇప్పుడు చేరేవాడికి చెబుతున్నారు. పైగా పది పదిహేను నిమిషాల సగటు తీసి, కింది అంకెకు సర్దితే 24 కాస్తా 20 అవుతుంది. క్యూ పెరిగేటప్పుడు ఈ పద్ధతి ఎప్పుడూ తక్కువ చెబుతుంది, కరిగేటప్పుడు ఎక్కువ చెబుతుంది.

క్యూలో కూర్చుని వేసుకోదగ్గ లెక్క ఒకటుంది. ఆ రాత్రి మూడు లేన్లలో రెండు మూశారు. పనుల చోట తెరిచి ఉన్న ఒక లేన్ గంటకు సుమారు 1,500 బండ్లను పంపగలదు. ట్రక్కులతో కలిపి ఒక్కో బండికి సగటున 40 అడుగులు వేసుకుంటే, మూడు లేన్లలో ఒక మైలుకు 396 బండ్లు. 1,500తో భాగిస్తే దాదాపు 16 నిమిషాలు. రెండు మైళ్ళ క్యూ అంటే 32 నిమిషాలు. రాడార్లకు తోక ఎక్కడుందో తెలుసు, మూసిన చోటు ఎక్కడో తెలుసు. ఈ గుణకారం కలిపితే చాలు, బోర్డు "30 మిన్" అని చెప్పగలిగేది. గంటకు 2,000 బండ్లు వస్తుంటే 500 మిగిలిపోతాయి, తోక గంటకు మైలుంపావు చొప్పున వెనక్కి పోతుంది. రాత్రి ఎనిమిదికి మూసిన లేన్ తొమ్మిదిన్నరకు రెండు మైళ్ళ తోక వేసుకోవడం అలాగే.

బ్లూటూత్‌కు టెక్సస్‌లో ఇంకో తలనొప్పి ఉంది. హైవే పక్కనే ఫ్రంటేజ్ రోడ్డు, అంటే మన సర్వీసు రోడ్డు లాంటిది పోతుంది కదా, దాని మీద సిగ్నళ్ళ దగ్గర ఆగి ఆగి వెళ్ళేవాళ్ళనూ రీడర్ పట్టేసుకుంటుంది. మధ్యలో బకీస్‌లో ఆగి బ్రిస్కెట్ శాండ్‌విచ్ తిన్నవాడు ఇరవై నిమిషాలు ఎక్కువ చూపిస్తాడు. బస్సులో నలభై ఫోన్లుంటే నలభై కార్లలా లెక్కకొస్తుంది. వీటన్నిటినీ వడగట్టాలి. వడపోత మరీ గట్టిగా ఉంటే నిజంగా క్యూ మొదలైనప్పుడు వచ్చే పెద్ద అంకెలనూ తప్పుడువని పారేస్తుంది.

సలాడోలో పెట్రోలు కోసం ఆగితే, ఫ్రంటేజ్ రోడ్డు అంచున ఇలాంటి ట్రైలరే ఒకటి ఆపి ఉంది. దగ్గరికి వెళ్ళి చూశాం. నాలుగు మూలలా జాక్‌లు, పైన సోలార్ పలకలు, కింద తాళం వేసిన బ్యాటరీల పెట్టె, స్తంభానికి అరచేయంత రాడార్, వేలెడంత యాంటెన్నా. చెడిపోయేవి ఇవే. పలకల మీద దుమ్ము పేరుకున్నా, వరసగా నాలుగు రోజులు మబ్బు పట్టినా బ్యాటరీ దిగిపోతుంది. జాక్ కింద నేల కుంగితే రాడార్ చూపు పక్కకు పోతుంది. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, పనివాళ్ళు ట్రైలర్‌ను అర మైలు జరిపి సాఫ్ట్‌వేర్‌లో చోటు మార్చకపోవడం. అప్పుడు "2 మైల్స్" అబద్ధమవుతుంది. ఇంకోటి మరీ ప్రమాదం. డాప్లర్ రాడార్ కదిలేవాటినే చూస్తుంది. బండ్లు పూర్తిగా ఆగిపోతే దానికి ఏమీ కనబడదు. సమాచారం రాకపోవడాన్ని "రోడ్డు ఖాళీ" అని లెక్కేసే ప్రోగ్రాం రాస్తే, సరిగ్గా అవసరమైనప్పుడే బోర్డు ఆరిపోతుంది. సమాచారం ఆగితే మామూలు హెచ్చరికైనా నిలిచి ఉండాలి.

ఈ కారిడార్‌కు ఇదేం కొత్త కాదు. గత దశాబ్దంలో హిల్స్‌బరో నుంచి సలాడో దాకా సుమారు 96 మైళ్ళు వెడల్పు చేసినప్పుడు, టెక్సస్ ఏ అండ్ ఎం ట్రాన్స్‌పోర్టేషన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఇలాంటి రాడార్లు, బ్లూటూత్ రీడర్లు, తోక హెచ్చరికలు ఇక్కడే వాడారు. ఇప్పుడు దానికి తోడు, లేన్ మూసిన చోట పక్కకు మళ్ళమని చూపే బాణం బోర్డుల్లో, వెలిగించగానే తానున్న చోటును పంపేవి వచ్చాయి. కాగితం మీద ఎనిమిదికి మూస్తామని రాసి పదింటికి మూసినా, మ్యాప్ యాప్‌లకు అసలు సమయమే వెళుతుంది. మా ఫోన్‌లో రోడ్డు నీలంగా ఉండిపోయిందంటే ఆ గొలుసులో ఎక్కడో ఒక లింకు తెగింది.

సలాడో నుంచి ఆస్టిన్ దాకా నా ఆలోచన హైదరాబాద్–విజయవాడ రోడ్డు, ఎన్‌హెచ్-65 మీదే. చౌటుప్పల్, చిట్యాల దగ్గర ఫ్లైఓవర్ పనులు, పక్కన ఇరుకు సర్వీసు రోడ్డు, పైన సంక్రాంతి రద్దీ. రోడ్డు పనుల దగ్గర ట్రాఫిక్ గురించి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ తెచ్చిన ఐఆర్‌సీ ఎస్‌పీ 55 పుస్తకంలో ముందస్తు హెచ్చరిక భాగం ఎక్కడుండాలో రాసే ఉంది. కానీ ఆ దూరం పని జరిగే చోటు నుంచి కొలిచేది. పండగ నాడు తోక దాన్ని ఎప్పుడో మింగేసి ఉంటుంది. పొగమంచులో తెల్లవారుజామున ఆ తోకను కారు హెడ్‌లైట్లతోనే కనుక్కోవాలి.

ఫాస్టాగ్ సమయాలతో లెక్కేయొచ్చు కదా అని బావమరిది అడిగాడు. పంతంగి టోల్ గేటు నుంచి కొర్లపహాడ్ టోల్ గేటు దాకా మామూలుగానే గంట ప్రయాణం. పైగా చౌటుప్పల్ పంతంగికి ఇవతలే ఉంది. ఆ లెక్క వచ్చేసరికి పండగ అయిపోతుంది. చౌటుప్పల్‌కు ముందు నుంచి కిలోమీటరుకో రాడార్ చొప్పున పదీ పన్నెండు పెట్టాలి. షోల్డర్ మీద ఎదురొచ్చే బైకుల్ని వదిలేసేలా వాటిని సర్దాలి, ఆపి ఉంచిన లారీలు అడ్డురాకుండా ఎత్తులో బిగించాలి.

అంతకంటే ముఖ్యం, మళ్ళే చోటికి ముందే చెప్పడం. ఆస్టిన్ వెళ్ళేవాడికి జార్జ్‌టౌన్ దాటాక 130 టోల్ రోడ్డు ఖాళీగా ఉందని చెప్తే ఏం లాభం? ఆ రోడ్డు టోల్ ఎంత భారమైనా, ట్యాగ్ లేకపోతే ఇంకా ఎక్కువైనా, డబ్బు కట్టాలా వద్దా అన్నది ముందే తేల్చుకోనివ్వాలి. మన దగ్గరా అంతే. గచ్చిబౌలి వైపు నుంచి ఔటర్ మీద వచ్చే గుంటూరు కార్లకు చౌటుప్పల్ సంగతి పెద్ద అంబర్‌పేటలో చెబితే ఆలస్యమే. బొంగుళూరు గేటు కంటే ముందు, తుక్కుగూడ దగ్గరే చెబితే నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకుంటారు. "చౌటుప్పల్ 50 ని. ఆలస్యం, సాగర్ రోడ్డు ఖాళీ" అని తెలుగులో, ఒక్క తెరలో.

ఆదివారం తిరిగొస్తూ చూస్తే బెల్టన్ దగ్గర అవతలి వైపు డ్రమ్ములు లేవు. ఆ మొదటి బోర్డును ఆర్పేసి, ముఖం రోడ్డు నుంచి పక్కకు తిప్పి ఉంచారు.