పండక్కి కాదు, మర్జ్ విండోకి

కర్నూలులో మా ఇంటివాళ్లకు నా మీద ఒకటే కోపం. సంక్రాంతికి రాడు, ఉగాదికి రాడు, ఏ పండగా లేని రోజుల్లో దిగుతాడు అని. కారణం మ్యూనిక్‌లోని ఆఫీసు కూడా కాదు. నేను రివ్యూయర్‌ని, లినక్స్ కెర్నల్‌కి, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగానికి, వేరేవాళ్లు రాసి పంపే కోడ్‌ను సరిచూస్తాను. కెర్నల్ కొత్త వెర్షన్ 9, 10 వారాలకొకటి వస్తుంది. అది వచ్చీ రాగానే రెండు వారాలు మర్జ్ విండో, అంటే తర్వాతి వెర్షన్ కోసం సిద్ధమైన కోడ్‌ను కెర్నల్‌లో కలిపే సమయం. అప్పుడు నెట్‌వర్కింగ్‌లో కొత్త కోడ్ చేరే నెట్-నెక్స్ట్ ట్రీని (కోడ్ భండారాన్ని) మూసేస్తారు, బగ్ ఫిక్సులు తప్ప ఏవీ తీసుకోరు. రివ్యూయర్‌కి ఊపిరాడేది అప్పుడే, టికెట్ బుక్ చేసేదీ అప్పుడే. ఓళిగలు మాత్రం పండగ లేకున్నా అమ్మ చేస్తుంది.

"ఏమిరా, ఎవరో రాసిన దాంట్లో తప్పులు పట్టేదానికి అంత జీతమిస్తారా?" అంటాడు మామ. ఇస్తారు మామా.

నేను చూసేవి నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ ప్యాచ్‌లు, అంటే ఆ కోడ్‌లో చేసే మార్పులు. నేమ్‌స్పేస్‌లంటే ఒకే మెషీన్‌లో, ఒకే కెర్నల్ మీద, దేని ఇంటర్‌ఫేసులు, రూటింగ్ టేబుల్, ఫైర్‌వాల్ రూల్స్ దానికే ఉండే వేర్వేరు నెట్‌వర్కులు అన్నమాట. 2008లో వచ్చిన 2.6.24తో ఇవి కెర్నల్‌లోకి రావడం మొదలైంది. డాకర్ కంటైనర్లు, అంటే ప్రోగ్రాములను విడివిడిగా నడిపే డబ్బాలు, రెండు ఒకే మెషీన్‌లో వెబ్‌సైట్లు వాడే పోర్ట్ 80 వాడుకోగలుగుతున్నాయంటే వీటివల్లే.

ప్యాచ్ రాగానే చాలామంది నేమ్‌స్పేస్ పుట్టేటప్పుడు నడిచే ఇనిట్ ఫంక్షన్ చదువుతారు. నేను అది చచ్చేటప్పుడు నడిచే ఎగ్జిట్ ముందు చదువుతాను. ఇనిట్‌ని అందరూ శ్రద్ధగానే రాస్తారు, డెమోలో కనిపించేది అదే కదా. టైమర్ పెట్టినవాడు ఆపడం మర్చిపోతాడు. ఇనిట్ సగంలో ఫెయిలైతే అప్పటిదాకా తీసుకున్నవి ఎవరు వదలాలో ఆలోచించడు. డివైస్ మీద ఒక్క రిఫరెన్స్ (ఎవరో దాన్ని ఇంకా వాడుతున్నారనే లెక్క) మిగిలిపోయినా నేమ్‌స్పేస్ చావదు, 'లో' (lo, మెషీన్ తనతో తాను మాట్లాడుకునే లూప్‌బ్యాక్) డివైస్ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఎదురుచూస్తున్నట్టు కెర్నల్ పది సెకన్లకోసారి లాగ్‌లో మొర పెడుతూనే ఉంటుంది. బ్యాచిలర్లు రూమ్ ఖాళీ చేసి పోయాక ఒక తాళంచెవి ఎవడి జేబులోనో ఉండిపోతే ఓనరు పడే అవస్థే ఇది. పూర్వం ఆ 'ఎవడు'ను పట్టడానికి రోజులు పోయేవి. 2022లో 5.17తో రిఫరెన్స్ ట్రాకర్ వచ్చాక, దాన్ని ఆన్ చేసుకుంటే ఏ లైన్‌లో ఎవరు తీసుకున్నారో చెబుతుంది. అయినా ఆన్ చేసి టెస్ట్ చేయకుండానే పంపేవాళ్లు ఉన్నారు, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. నేమ్‌స్పేస్‌ను ఒక్కసారి పుట్టించి చూసి "టెస్టెడ్" అంటే నేను ఒప్పుకోను. పుట్టిస్తూ, చంపుతూ లూప్‌లో తిప్పాల్సిందే. కంటైనర్లు నడిచే సర్వర్లలో జరిగేది అదే మరి.

మామ కూతురు అనంతపురంలో బీటెక్ చదువుతోంది. ఇందులోకి ఎట్లా రావాలని అడిగింది. కోడ్ కంటే ముందు ఒక సెల్ఫ్‌టెస్ట్, అంటే కెర్నల్‌ను పరీక్షించే చిన్న ప్రోగ్రాం, రాయమన్నాను. లోకల్ వేరియబుల్స్‌ను పొడవాటి లైన్ పైన, పొట్టిది కింద వచ్చేలా వరసగా పెట్టాలని, నెట్‌వర్కింగ్‌వాళ్లకు ఈ పట్టింపు ఎక్కువని చెప్పాను. పంపాక 24 గంటలు గడవకుండా రెండో వెర్షన్ పంపొద్దని కూడా చెప్పాను. నెట్-నెక్స్ట్ తెరిచిన రోజు పొద్దున పంపింది. సాయంత్రానికే రెండో వెర్షన్ కూడా పంపేసింది. బంధువునని నేను నోరు మెదపలేదు, కానీ అమెరికాలోని ఇంకో రివ్యూయర్ చీవాట్లు పెట్టే పని బాగానే చేశాడు.