పదకొండు మందిమి, పద్నాలుగు కిలోమీటర్లు

అరుణాచలం వెళ్దామన్న మాట మొదట అన్నది మా లీడరు. లీడరంటే రాజకీయాల మనిషి కాదు, తొమ్మిదో తరగతిలో మా క్లాసు లీడరు. అల్లరి చేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే ఉద్యోగం వాడికి అప్పుడు దొరికింది. ఇప్పటికీ రాజీనామా చెయ్యలేదు.

1976లో పదో తరగతి గట్టెక్కిన బ్యాచ్ మాది. గ్రూప్ ఫొటోలో 42 మందిమి ఉంటాం. అందులో తొమ్మిది మంది పోయారు. ఇద్దరు ఎక్కడున్నారో తెలియదు. మిగిలినవాళ్లం ఏడాదికోసారి ఎవరో ఒకరి ఇంట్లో పెళ్లికి కలుస్తూ వచ్చాం. మొదట్లో "ఏం చేస్తున్నావురా" అని అడుక్కునేవాళ్లం, తర్వాత "పిల్లలేం చేస్తున్నారు" అని. ఇప్పుడు ఏ మాత్ర పొద్దున, ఏ మాత్ర రాత్రి అనే దగ్గర మొదలవుతుంది మాట. పెళ్లి పందిట్లో అయితే అది కూడా సరిగ్గా సాగదు, బ్యాండు మోతలో సగం వినపడదు. అందుకే "నడుస్తూ మాట్లాడుకోవాలంటే గిరి ప్రదక్షిణే కరెక్టు, 14 కిలోమీటర్లు, పారిపోవడానికి లేదు" అన్నాడు లీడరు.

పదకొండు మందిమి తేలాం. ఏడుగురు మగవాళ్లం, నలుగురు ఆడవాళ్లు. పేర్లు రాయను, మా వాళ్లకి ఇష్టం ఉండదు. నిక్‌నేములతో సర్దుకోండి.

కాట్పాడి స్టేషన్లో దిగి అక్కణ్నుంచి వేలూరు, పోలూరు మీదుగా టెంపోలో బయల్దేరాం. మొదటి అరగంట ఎవరూ మాట్లాడలేదు. కారణం చెబితే నవ్వుతారు. స్కూల్లో చదివిన ఐదేళ్లూ మేం అమ్మాయిలతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వాళ్లు కుడివైపు బెంచీలు, మేం ఎడమవైపు. నోట్సు కావాలన్నా వాళ్ల తమ్ముళ్లని అడిగేవాళ్లం. ఇప్పుడు అరవై దాటాక వాళ్లని "నువ్వు" అనాలా "మీరు" అనాలా? పొడుగు ధైర్యం చేసి "ఏమండీ, ఆ కిటికీ కొంచెం మూస్తారా" అన్నాడు. వెనక సీట్లోంచి రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ అంది: "అండీ ఏమిట్రా అండీ, లెక్కల్లో ఆరు మార్కులొచ్చిన మొహం నువ్వు." ఆ తర్వాత తిరువణ్ణామలై, అంటే మన అరుణాచలం, వచ్చేదాకా టెంపోలో డ్రైవరు హారను మాకు వినపడలేదు.

సాయంత్రం రమణాశ్రమానికి వెళ్లాం. వేదపారాయణ జరుగుతోంది. సమాధి చుట్టూ జనం మెల్లగా తిరుగుతున్నారు, బయట నెమళ్లు గోడల మీద. భక్తి సంగతి ఎవరిది వాళ్లకి ఉంటుంది కానీ, నాకు ఆశ్రమంలో మనసుకి పట్టింది రమణుల చదువు సంగతి. ఆయన మధురై అమెరికన్ మిషన్ హైస్కూల్లో చదువుతూ ఉండగానే ఇల్లు వదిలిపెట్టారు. 1896లో, పదహారేళ్ల వయసులో. ఇంగ్లీషు గ్రామరు పాఠం చూసి రాయమని ఇంపొజిషన్ ఇస్తే సగంలో ఆపేసి, స్కూల్లో స్పెషల్ క్లాసు ఉందని అన్నగారికి చెప్పి బయల్దేరారు. అన్నగారు కాలేజీ ఫీజు కట్టమని ఇచ్చిన అయిదు రూపాయల్లో మూడు తీసుకుని, మిగతావి చీటీతో సహా వదిలేసి, సెప్టెంబరు 1న అరుణాచలం చేరారు. మళ్లీ కొండ వదల్లేదు. స్పెషల్ క్లాసని మేమూ చాలాసార్లు చెప్పాం. సినిమాహాలు దాటి ఎటూ వెళ్లలేదు.

ఆయనకీ ఒక నిక్‌నేము ఉండేది. ఆటల్లో ఏ జట్టులో ఉంటే ఆ జట్టే గెలిచేదట, అందుకని "తంగక్కై" అనేవారు. అంటే బంగారు చెయ్యి. చిన్ననాటి స్నేహితుడు రంగయ్యర్ తర్వాతి కాలంలో ఆశ్రమానికి వచ్చిపోతూ ఉండేవాడు. లోకమంతా భగవాన్ అని సాష్టాంగపడుతున్న మనిషిని, చిన్నప్పుడు బంతాటలో చూసినవాడు ఎలా పలకరించి ఉంటాడా అని ఆ హాల్లో కూర్చుని ఆలోచించాను. పక్కన పొడుగు నిద్రపోతున్నాడు.

తెల్లవారుజామున మూడింటికి రాజగోపురం ముందు నిలబడ్డాం. 217 అడుగులు, 11 అంతస్తులు. కృష్ణదేవరాయలు మొదలుపెట్టించిన గోపురం, తంజావూరు సేవప్ప నాయకుడి కాలంలో పూర్తయింది. మనవాళ్లు కట్టిందని లీడరు ఛాతీ విరిచాడు, తనే ఇటుకలు మోసినట్టు. పౌర్ణమి కాదు కాబట్టి జనం పల్చగా ఉన్నారు. కావాలనే అలా ఎంచుకున్నాం. పున్నమి రాత్రి లక్షల మందిలో రెండు మోకాళ్లకీ ఆపరేషనయిన మనిషిని పట్టుకుని నడవలేం.

ఆ మోకాళ్ల మనిషిని "ఎక్స్‌ప్రెస్" అనేవాళ్లం. జిల్లా పోటీల్లో వంద మీటర్లు పరిగెత్తాడు. నిండు గర్భిణి అయిన మహారాణిలా నెమ్మదిగా నడవాలని రమణులు చెప్పేవారట. "ఇన్నాళ్లకి నాకు తగిన నియమం దొరికింది" అన్నాడు వాడు. చెప్పులు లేకుండా, కొండ కుడిచేతి వైపు ఉండేలా, రోడ్డుకి ఎడమ పక్కగా నడిచాం. కొండ వైపు దారి సిద్ధులదని నమ్మకం. మేము సిద్ధులకి అడ్డం రాలేదు కానీ ఆటోలకి వచ్చాం.

దారిలో ఎనిమిది దిక్కులకీ ఎనిమిది లింగాలు. ఇంద్ర లింగం దగ్గర మొదలుపెట్టి అగ్ని, యమ లింగాలు దాటాం. యమ లింగం దగ్గర లీడరు ఆగి జేబులోంచి కాగితం తీశాడు. పోయిన తొమ్మిది మంది పేర్లూ రోల్ నంబర్ల వరసలో రాసి తెచ్చాడు. నాకు ఇలాంటివి నచ్చవు, సభలా ఉంటుంది. కానీ వాడు ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. పేర్లు చదివి, కాగితం మడిచి, పద అన్నాడు. చివరి పేరు రోల్ నంబరు 31. మా "గంట".

గంట గురించి కొంచెం చెప్పాలి. మా స్కూల్లో వేపచెట్టుకి రైలు పట్టా ముక్క వేలాడదీసి ఉండేది. అటెండరు తాతకి చూపు ఆనేది కాదు, అందుకని వీడు ఇనుప కడ్డీతో పీరియడ్ పీరియడ్‌కీ కొట్టేవాడు. పెద్దయ్యాక మా ఇద్దరిదీ ఒకే నగరం. వాళ్ల ఇంటికీ మా ఇంటికీ ఆరు కిలోమీటర్లు. వాడికి ఒంట్లో బాలేదని విన్నాను. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ గడిపాను. మనవరాలి ఓణీల ఫంక్షనుకి పిలుద్దామని లీడరు ఫోన్ చేస్తే వాళ్లావిడ ఎత్తి, "ఆయన పోయి మూడు నెలలైందండీ" అందట. మాలో ఒక్కరికీ తెలియలేదు. రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మలతో శుభోదయాలు పంపుకునేవాళ్లం, ఒకడు మూడు నెలలుగా పంపడం లేదని గమనించలేదు.

చెంగం రోడ్డు వదిలి కుడివైపు తిరిగాక వాహనాల రొద తగ్గింది. చీకట్లో కొండ మరీ దగ్గరగా ఉన్నట్టు అనిపించింది. నైరుతి లింగం దాటాక నేను ఆడవాళ్లకి గంట గురించి నా కథ చెప్పడం మొదలుపెట్టాను. ఇది నేను నలభై ఏళ్లుగా చెబుతున్న కథ. మా ఆవిడకి, పిల్లలకి, ఆఫీసులో కుర్రాళ్లకి. తొమ్మిదో తరగతిలో సోషల్ మాస్టారి గ్లోబు ఇరుసు ఊడి కింద పడి సొట్టపోయింది. దాన్ని పడేసింది గంట. ఎవరు రా అని మాస్టారు బెత్తం పట్టుకుంటే, వాడు భయపడి వణుకుతుంటే నేను లేచాను. నేనే సార్ అన్నాను. రెండు చేతుల మీదా ఆరేసి దెబ్బలు. మా అబ్బాయి చిన్నప్పుడు ఈ కథ అడిగి మరీ చెప్పించుకునేవాడు.

ఆడవాళ్లు ఏమీ అనలేదు. లీడరు కూడా. వరుణ లింగం వచ్చింది, వెళ్లింది. ఆది అణ్ణామలై గుడి దగ్గర టీ తాగాం. వాయు లింగం ముందు అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నప్పుడు లీడరు మెల్లగా అన్నాడు:

"గ్లోబు పడేసింది నువ్వురా."

నేను నవ్వాను.

"నిజంగానేరా. నువ్వూ ఎక్స్‌ప్రెస్సూ దాన్ని బొంగరంలా తిప్పారు. దెబ్బలు తిన్నది గంట."

ఎక్స్‌ప్రెస్ వైపు చూశాను. వాడు మోకాలికి ఆయింట్‌మెంట్ రాసుకుంటూ తల పైకెత్తకుండా "తిప్పింది ఇద్దరం, పడింది నీ చేతిలో" అన్నాడు.

కోపం వచ్చింది. అబద్ధమని ఒక కిలోమీటరు మేర వాదించాను. దెబ్బలు నాకు గుర్తున్నాయి, అరచేతులు భగ్గుమన్నది గుర్తుంది, చేతికి ఇనుము తగిలినట్టు కూడా గుర్తుంది అన్నాను. అప్పుడు హెడ్మిస్ట్రెస్ ఆగింది.

"బెత్తం ఇనుప బెత్తమా ఏంటి?" అంది. "ఆరోజు అతని చేతులు వాచి కడ్డీ పట్టుకోలేకపోయాడు. ఇంటి గంట నువ్వు కొట్టావు. భయంలో పది నిమిషాలు ముందే కొట్టేశావు. మేమంతా సంతోషంగా వెళ్లిపోయాం, అందుకే నాకు గుర్తు."

ఆ మాటతో నాకు ఆ కడ్డీ మొత్తంగా గుర్తొచ్చింది. ఎండకి కాలి ఉంది. కొట్టినప్పుడల్లా ఆ అదురు మోచేతి దాకా వచ్చేది. నా అరచేతులు మండింది దానికి. పక్కన వేపచెట్టు మొదట్లో వాడు చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు. "ఇంకొకటి కొట్టు, ఇంటి గంటకి చివర రెండు కలిపి కొట్టాలి" అని నాకు చెప్పాడు. ఇన్నేళ్లు ఆ చెట్టు కింద కూర్చున్నవాణ్ని నేనే అనుకున్నాను.

దీన్నేమనాలో నాకు తెలియదు. నేను అబద్ధం చెప్పలేదు, అది మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను. మొదటిసారి ఎప్పుడు మారిందో, ఎవరికి చెబుతున్నప్పుడు మారిందో ఎంత వెనక్కి వెళ్లినా దొరకలేదు. "మరి ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదురా" అని లీడర్ని అడిగితే, "పెళ్లిళ్లలో నువ్వు చెబుతుంటే గంటే పక్కన నిలబడి వినేవాడు. వాడే ఏమీ అననప్పుడు మధ్యలో నాకెందుకని ఊరుకున్నా" అన్నాడు.

కుబేర లింగం దగ్గర ఏం చూశానో చెప్పలేను. దండం మాత్రం పెట్టాను.

ఆ తర్వాత వచ్చే ఇడుక్కు పిళ్లయార్ దగ్గరే మళ్లీ మనుషుల్లో పడ్డాను. చిన్న రాతి మందిరం, లోపల సందు. పక్కకి ఒరిగి పాకుతూ వెనక నుంచి ముందుకి రావాలి. అలా వస్తే మరుజన్మ ఉండదని నమ్మకం. ఆడవాళ్లు నలుగురూ చకచకా దూరి వచ్చేశారు. పొడుగుకి ఎత్తే కాదు, ఇప్పుడు పొట్ట కూడా ఉంది. వాడు సందుని అటూ ఇటూ చూసి "నాకు ఇంకో జన్మ ఫర్వాలేదు, చిన్నపిల్ల పెళ్లి కాలేదు" అని తప్పుకున్నాడు. నేను దూరాను. మధ్యలో భుజం పట్టేసింది. బయట నుంచి లీడరు చెయ్యి అందించి లాగాడు. ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా వాడి మీద కోపం పూర్తిగా పోలేదు, అదీ చెబుతున్నాను.

ఎక్స్‌ప్రెస్ అక్కడితో ఆటో ఎక్కాడు. మేం ఈశాన్య లింగం మీదుగా గుడి చేరేసరికి ఎండ వచ్చేసింది. అరికాళ్లు బొబ్బలెక్కాయి. వేయికాళ్ల మంటపంలో పాతాళ లింగం దగ్గర, పురుగులు తొడలు కొరికినా తెలియకుండా రమణులు కూర్చున్న చోట, మేం బ్యాండ్-ఎయిడ్‌లు పంచుకున్నాం. దర్శనం బాగా జరిగింది.

కాట్పాడిలో రైలు గంట లేటు. ప్లాట్‌ఫామ్ చివరికి వెళ్లి, లీడరు దగ్గర నంబరు తీసుకుని గంట వాళ్లావిడకి ఫోన్ చేశాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "గంట క్లాస్‌మేట్‌నమ్మా" అనేశాను.

"గంటా? గంటెవరండీ?" అంది.

ఆ పేరు వాడు ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. రైలు పట్టా ముక్క గురించి, అటెండరు తాత గురించి చెప్పాను. ఆమె ఊఁ కొడుతూ వింటోంది. గ్లోబు దగ్గరికి వచ్చేసరికి అనౌన్స్‌మెంట్ మొదలై మూడు భాషల్లోనూ అయ్యేదాకా ఆగలేదు. "ఏమీ వినపడ్డం లేదు అన్నయ్యగారూ, ఇంటికి రండి, మా అబ్బాయి కూడా ఉంటాడు, వాడూ వింటాడు" అంది.

ఈ ఆదివారం వెళ్తున్నాను. లీడరు కూడా వస్తానన్నాడు, రాత్రి బస్సెక్కి మరీ. అక్కడ నేను మళ్లీ కథ మార్చేస్తానని వాడి అనుమానం.